సాగరజీవ రహస్యవేది మైకేల్ సార్స్

సముద్రం మానవుడికి చిరపరిచితమైనదే అయినా, చిరకాలం అపరిచితంగానే మిగిలిపోయింది. అలలమీద నావలు నడిపినవారు అనేకులు. అలల అడుగున జీవించే అల్పప్రాణుల పుట్టుపూర్వోత్తరాలను విచారించినవారు మాత్రం అరుదు. ఒక ప్రాణిని పట్టి, బొమ్మ గీసి, పేరు పెట్టడం ఒక ఎత్తు. అది ఎలా పుట్టింది, ఏయే రూపాలు దాల్చింది, తన సంతతిని ఎలా నిలుపుకొంటోంది అని తెలుసుకోవడం మరొక ఎత్తు. ఈ రెండో మార్గంలో ఓర్పుతో నడిచినవాడు నార్వే దేశపు మతగురువు మైకేల్ సార్స్. తాను చేసిన పొరపాటును తానే కనిపెట్టి, తానే సరిదిద్దుకొని, ఆ దిద్దుబాటు ద్వారానే శాస్త్రచరిత్రలో శాశ్వతస్థానం పొందిన ధన్యుడు ఆయన.

మైకేల్ సార్స్ 1805 ఆగస్టు 30వ తేదీన నార్వే పశ్చిమ తీరంలోని బెర్గెన్ నగరంలో జన్మించాడు. తండ్రి నౌకాయజమాని. బెర్గెన్ పేరుపొందిన రేవుపట్టణం. ఆ తీరం పొడవునా ఫియర్డులు భూభాగాన్ని చీల్చుకొని లోపలికి చొచ్చుకుపోయి ఉంటాయి. పూర్వం హిమానీనదాలు కొండలను దొలిచి ఏర్పరచిన లోయలలోకి సముద్రజలం ప్రవేశించగా ఏర్పడిన ఇరుకైన పాయలే ఈ ఫియర్డులు. ఇరువైపులా నిటారుగా లేచిన పర్వతాలు, నడుమ వందల మీటర్ల లోతున్న ఉప్పునీరు. బహిరంగ సముద్రపు ఉధృతి అంతగా సోకని ఆ నీటిలో రకరకాల జీవులు వర్ధిల్లుతాయి. సార్స్‌కు బాల్యంనుంచే ప్రకృతి పరిశీలనపై మక్కువ కలగడానికి ఇంతకంటె అనువైన పరిసరాలు వేరే అక్కరలేదు.

1823లో ఆయన రాజధాని క్రిస్టియానియాలోని విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ నగరమే నేటి ఓస్లో. మనసు ప్రకృతిశాస్త్రం మీద ఉన్నా, ఆ శాస్త్రాన్ని నమ్ముకొని జీవనం గడిపే అవకాశం ఆనాడు లేదు. అందువల్ల క్రైస్తవ మతశాస్త్రాన్ని అభ్యసించి 1828లో పట్టం పొందాడు. కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. విద్య జీవికకు, అభిరుచి ఆత్మతృప్తికి అన్నట్లుగా ఆయన జీవితం ఆరంభమైంది.

1829లో, ఇంకా ఇరవైనాలుగేళ్ళయినా నిండకముందే, సముద్రజీవులను గురించి ఆయన ఒక చిన్న గ్రంథం వెలువరించాడు. బెర్గెన్ తీరజలాలలో తనకు కనిపించిన రెండు వింతప్రాణులను అందులో కొత్తజాతులుగా వర్ణించాడు. మొదటిది కొద్ది మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉండి, అడుగుభాగంతో రాతినో నాచునో అంటిపెట్టుకొని, పైన నోటిచుట్టూ సన్నని స్పర్శకాలు చాచి ఉండే గిన్నెవంటి జీవి. దానికి స్కైఫిస్టోమా అని పేరు పెట్టాడు. రెండోది చిన్నచిన్న పళ్ళేలను దొంతరగా పేర్చినట్లు కనిపించే జీవి. దానికి స్ట్రోబిలా అని పేరు పెట్టాడు. ఆనాటి పద్ధతిని అనుసరించి చూస్తే ఆయన చేసిన పనిలో లోపమేమీ లేదు. ఆకారాలు వేరు కనుక ప్రాణులు వేరు అని ఆయన భావించాడు. ఎవరైనా అలాగే భావించి ఉండేవారు.

1831లో సార్స్ మారెన్ వెల్‌హావెన్ అనే విదుషీమణిని వివాహమాడాడు. ఆమె నార్వే ప్రసిద్ధకవి యోహాన్ సెబాస్టియన్ వెల్‌హావెన్‌కు సోదరి. ఆ కాలంలోనే ఆయనకు కిన్ అనే తీరప్రాంతంలో మతగురువు పదవి లభించింది. అది అట్లాంటిక్ అంచున ద్వీపాలతో నిండిన మారుమూల సీమ. అక్కడ గ్రంథాలయం లేదు, ప్రయోగశాల లేదు, శాస్త్రవిషయాలు ముచ్చటించే విద్వాంసుల సాంగత్యం లేదు. ఏటేటా పెరుగుతున్న సంసారభారం మాత్రం ఉంది. ఆదివారపు ఆరాధనలు, బాప్టిజాలు, వివాహాలు, అంత్యక్రియలు వంటి విధులలో ఏ ఒక్కదాన్నీ విడువరాదు. మరొకరైతే ఆ పరిస్థితిలో పరిశోధనకు స్వస్తి చెప్పి ఉండేవారు. సార్స్ మాత్రం ఆ ఏకాంతాన్నే వరంగా మలచుకొన్నాడు. రాజధానిలోని పండితులకు సీసాలలో భద్రపరచిన మృతకళేబరాలు మాత్రమే అందుబాటులో ఉండేవి. ఆయనకు జీవించి ఉన్న ప్రాణులు, అన్ని ఋతువులలోను, ఇంటిముంగిటనే దొరికేవి.

అలా ఏడాది పొడవునా గమనించినప్పుడు ఆయనకు ఒక సందేహం కలిగింది. గిన్నెవంటి స్కైఫిస్టోమా శరీరంపై అడ్డంగా నొక్కులు ఏర్పడుతున్నాయి. నొక్కులు లోతై, ఆ జీవి పళ్ళేల దొంతరగా, అంటే స్ట్రోబిలాగా మారుతోంది. కొంతకాలానికి పైనున్న పళ్ళెం విడివడి స్వతంత్రంగా ఈదుకుంటూ పోతోంది. దాని వెనుక మరొకటి, ఆ వెనుక ఇంకొకటి. ఎనిమిది చీలికల అంచుతో నక్షత్రంలా ఉన్న ఆ చిన్నప్రాణి ప్రకృతిశాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. ఇతరులు అంతకుముందే దాన్ని ఎఫిరా అనే పేరుతో వేరొక జాతిగా లెక్కించారు. 1835లో ప్రకటించిన గ్రంథంలో సార్స్ తన పూర్వాభిప్రాయాన్ని నిస్సంకోచంగా విడిచిపెట్టాడు. తాను రెండు జాతులుగా చెప్పినవి ఒకే ప్రాణి దాల్చిన రెండు దశలని నిరూపించాడు. పేరు పెట్టిన ఆనందంకంటె పేరు తప్పని ఒప్పుకొనే ధైర్యం గొప్పదని ఆ గ్రంథం చాటింది.

అయినా కథ సగమే తెలిసింది. ఈదిపోయిన ఎఫిరా చివరికి ఏమవుతుంది? మొదటి స్కైఫిస్టోమా ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్నలకు సమాధానం దొరకడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. 1841లో ఒక జర్మన్ శాస్త్రపత్రికలో ప్రచురించిన వ్యాసంలో సార్స్ ఆ జీవితచక్రాన్ని ఆద్యంతం వివరించాడు. ఆరీలియా అనే జెల్లీచేప గొడుగువలె ఉండి, నీటిలో ముడుచుకొంటూ విచ్చుకొంటూ తేలియాడే జీవి. వీటిలో ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి. ఫలదీకరణ చెందిన అండాలు కొంతకాలం తల్లి నోటిబాహువుల ముడుతలలో రక్షణ పొందుతాయి. వాటినుంచి సూక్ష్మమైన కేశాలవంటి శైలికలతో ఈదే ప్లానులా డింభకాలు వెలువడతాయి. డింభకం కొద్దికాలం ఈది, అనువైన ఆధారానికి అంటుకొని, స్పర్శకాలు మొలిపించుకొని స్కైఫిస్టోమాగా మారుతుంది. ఇది మొగ్గలు తొడిగి తనవంటి జీవులను పుట్టించగలదు. ఉత్తరదేశపు చలికాలం గడిచి వసంతం సమీపించే వేళకు అది స్ట్రోబిలాగా మారి, ఒక్కొక్క పళ్ళేన్ని ఎఫిరాగా విడిచిపెడుతుంది. వసంతంలో నీటిలో ఆహారం సమృద్ధమవుతుంది. ఆ ఆహారంతో ఎఫిరా పెరిగి, వేసవికి పూర్ణరూపం గల జెల్లీచేప అవుతుంది.

ఈ విధంగా నాలుగు పేర్లతో నాలుగు ప్రాణులుగా చెలామణి అయినవన్నీ ఒక్క ప్రాణి అవతారాలేనని తేలింది. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉంది. గొంగళిపురుగు సీతాకోకచిలుక అయినప్పుడు ఒక్క ప్రాణి మరొక్క ప్రాణిగా మాత్రమే మారుతుంది. ఇక్కడ అలా కాదు. ఒక్క స్కైఫిస్టోమా అనేక జెల్లీచేపలకు జన్మనిస్తుంది. బిడ్డకు తల్లిపోలిక రాదు. ఆ బిడ్డకు పుట్టిన సంతానానికి తిరిగి అవ్వ పోలిక వస్తుంది. లైంగిక ప్రత్యుత్పత్తి జరిపే తరం, అలైంగిక ప్రత్యుత్పత్తి జరిపే తరం ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. సాల్పా అనే సముద్రజీవులలో ఇటువంటి క్రమాన్ని జర్మన్ కవి, ప్రకృతిశాస్త్రజ్ఞుడు షమీస్సో 1819లోనే సూచించినా, దాన్ని చాలామంది విశ్వసించలేదు. సార్స్ పరిశీలనలు ఆ అవిశ్వాసాన్ని తొలగించాయి. 1842లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రుప్ తరాల మార్పిడి సిద్ధాంతాన్ని ప్రతిపాదించినప్పుడు, సార్స్ కృషి అందుకు ముఖ్యమైన ఆధారంగా నిలిచింది.

నీటిలో కొట్టుకుపోయే జీవులకు ప్లాంక్టన్, అనగా ప్లవకాలు, అనే పేరు 1887లో గాని ఏర్పడలేదు. ఆ పేరు పుట్టకముందే సార్స్ ఆ లోకంలో సంచరించాడు. నత్తలజాతికి చెందిన సముద్రజీవులలోను, సముద్రనక్షత్రాలలోను పిల్లదశ తల్లికి భిన్నంగా ఉండి, ఎలా రూపవిక్రియ చెందుతుందో ఆయన పరిశీలించి ప్రకటించాడు. 1837లో ప్రభుత్వ సహాయంతో యూరప్‌లోని విద్యాకేంద్రాలను దర్శించి, ప్రముఖ శాస్త్రజ్ఞులతో పరిచయం కలిగించుకొన్నాడు. అనంతరం బెర్గెన్‌కు ఉత్తరాన ఉన్న మాంగెర్‌కు మతగురువుగా మారాడు. 1846లో నార్వే తీరప్రాంత జంతువులను వర్ణించే బృహద్గ్రంథపు మొదటిభాగాన్ని ప్రచురించాడు. యూరప్ అంతటా ఆయన పేరు మారుమోగుతున్నా, ఆయన మాత్రం మారుమూల మతగురువుగానే ఉండిపోయాడు. చివరకు 1854లో, దాదాపు యాభయ్యో ఏట, క్రిస్టియానియా విశ్వవిద్యాలయం ఆయనను జంతుశాస్త్రాచార్యుడిగా నియమించింది.

ఆచార్యపదవిలో ఆయన దృష్టి అగాధజలాల వైపు మళ్ళింది. మూడువందల బారల లోతు దాటితే సముద్రంలో ప్రాణి ఉండజాలదని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1840ల నాడు చేసిన ఊహ అప్పటికి బాగా ప్రచారంలో ఉంది. సార్స్ వాదానికి దిగలేదు. ఇనుపచట్రానికి బిగించిన వలను లోతుజలాల అడుగున ఈడ్పించి, పైకి వచ్చిన ప్రాణుల జాబితాలను ప్రకటిస్తూ పోయాడు. 1864లో ఆయన కుమారుడు గియోర్గ్ ఓసియన్ సార్స్ లోఫోటెన్ దీవుల వద్ద మూడువందల బారల లోతునుంచి ఒక సముద్రకలువను వెలికితీశాడు. దాని బంధువర్గం అంతకుముందు ఎక్కువగా శిలాజాలలోనే తెలిసినది. 1868లో తండ్రి దాన్ని సవిస్తరంగా వర్ణించాడు. ఈ ఆవిష్కరణలు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వైవిల్ థామ్సన్‌ను ఉత్తేజపరిచాయి. 1872 నుంచి 1876 వరకు ప్రపంచసముద్రాలను శోధించిన చాలెంజర్ నౌకాయాత్రకు దారితీసిన ప్రేరణలలో ఇవి కూడా ఉన్నాయి.

కుమారుడు తండ్రికి తగిన వారసుడయ్యాడు. కాడ్ చేప గుడ్లు సముద్రపు అడుగున ఉంటాయని అందరూ నమ్ముతున్న రోజులలో, అవి నీటిపైభాగాన తేలియాడుతూ అభివృద్ధి చెందుతాయని ఆయన లోఫోటెన్‌లో కనుగొన్నాడు. వేలాది జాలరి కుటుంబాల జీవనానికి ఆధారమైన చేప కూడా తన తొలిదినాలను ప్లవకంగానే గడుపుతుందని లోకానికి తెలిసింది. జీవుల పుట్టుకను వెంబడించి తెలుసుకోవాలన్న తండ్రి పాఠం కుమారుడి చేతిలో ప్రజోపయోగాన్ని సాధించింది.

మైకేల్ సార్స్ 1869 అక్టోబరు 22వ తేదీన క్రిస్టియానియాలో కన్నుమూశాడు. ఆయన సంపాదించినది కీర్తియే గాని ధనం కాదు. నార్వే ప్రభుత్వం 1900లో నిర్మించిన సముద్రపరిశోధక నౌకకు ఆయన పేరు పెట్టింది. 1910లో ఆ నౌక ఉత్తర అట్లాంటిక్‌లో జరిపిన పరిశోధనయాత్ర సముద్రశాస్త్రంలో ప్రసిద్ధికెక్కింది. ఆయన పెట్టిన స్కైఫిస్టోమా, స్ట్రోబిలా అనే పేర్లు ఈనాటికీ జంతుశాస్త్ర గ్రంథాలలో ఉన్నాయి. అయితే అవి జాతుల పేర్లుగా గాక, ఒకే ప్రాణి జీవితంలోని దశల పేర్లుగా నిలిచాయి. ఇరవైమూడేళ్ళ యువకుడు చేసిన పొరపాటు, ఆ యువకుడే చూపిన సత్యనిష్ఠ, ఆ రెండు పేర్లలో కలిసి ఉన్నాయి. ఒక్కసారి చూసినది రూపం మాత్రమే. ఓర్పుతో కడదాకా చూసినదే సత్యం. సార్స్ జీవితం బోధించే పాఠం ఇదే.