శామ్యూల్ జాన్సన్: నిఘంటు రచనలో అర్థనిర్ణయం, ఉచ్చారణ సమస్య

ఆంగ్ల నిఘంటుకారులలో అగ్రగణ్యుడైన శామ్యూల్ జాన్సన్ 1709 సెప్టెంబరు 18వ తేదీన స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలోని లిచ్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి మైకేల్ పుస్తక విక్రేత. శైశవంలోనే గండమాల వ్యాధి సోకి చూపు మందగించినా, తండ్రి అంగడిలోని గ్రంథాలను విస్తారంగా చదివాడు. 1728లో ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కళాశాలలో చేరి, ధనాభావం వల్ల 13 మాసాలకే పట్టం లేకుండా వెనుదిరిగాడు. తాను నెలకొల్పిన పాఠశాల సాగకపోగా, 1737లో శిష్యుడు డేవిడ్ గారిక్‌తో కలిసి లండన్ చేరి పత్రికా రచనతో జీవనం గడిపాడు.

1746లో కొందరు పుస్తక ప్రచురణకర్తలు ఆంగ్లభాషకు సమగ్ర నిఘంటువు కూర్చే పనిని 1500 గినీలకు అతనికి అప్పగించారు. మరుసటి సంవత్సరం చెస్టర్‌ఫీల్డ్ ప్రభువును సంబోధిస్తూ ప్రకటించిన ప్రణాళికలో, పదాల అర్థాన్నే కాక ఉచ్చారణను కూడా స్థిరపరచాలన్న ఆశయం వెల్లడించాడు. మన వేదాంగాలలో వర్ణోచ్చారణకు శిక్ష, అర్థనిర్వచనానికి నిరుక్తం వేర్వేరుగా ఏర్పడ్డాయి. ఆ రెండు భారాలనూ ఒక్క గ్రంథంపై మోపదలచడం సాహసమే.

అందులోని చిక్కు ఒక్క పదంతోనే బయటపడింది. గొప్ప అనే అర్థమిచ్చే 'గ్రేట్' శబ్దాన్ని 'స్టేట్'తో ప్రాస కుదిరేటట్లు పలకాలని చెస్టర్‌ఫీల్డ్ చెప్పాడు. 'సీట్'తో ప్రాస కుదిరేటట్లు 'గ్రీట్' అనాలనీ, 'గ్రేట్' అనేవాడు ఐర్లండు దేశీయుడే అయి ఉంటాడనీ సర్ విలియం యంగ్ కబురంపాడు. జాన్సన్ దృష్టిలో మొదటివాడు ప్రభువుల సభలోను, రెండవవాడు సామాన్యుల సభలోను మేటి వక్తలు. శిష్టులే విభేదిస్తే ప్రమాణమెవరు? లక్షణకారునికి ఇంతకంటే గడ్డు ప్రశ్న ఉండదు.

అర్థనిర్ణయంలో మాత్రం అతని పద్ధతి దృఢమైనది. గఫ్ స్క్వేర్‌లోని ఇంటి పై అంతస్తులో ఆరుగురు లేఖకులు పనిచేశారు. వారిలో ఐదుగురు స్కాట్లండువారు. జాన్సన్ తాను చదివే గ్రంథంలో పదం కింద గీత గీసి, అంచున దాని తొలి అక్షరం వ్రాస్తే, వారు ఆ వాక్యాన్ని చీటీలపైకి ఎత్తి వ్రాసేవారు. ముందు ప్రయోగాన్ని సేకరించి, దానినుండి అర్థాన్ని తేల్చడం ఇందులోని విశేషం. 'టేక్' అనే ఒక్క క్రియకే 134 అర్థాలు చూపాడు. మూడేళ్ళలో ముగుస్తుందనుకున్న పని తొమ్మిదేళ్ళు సాగింది. నడుమ 1752లో భార్య ఎలిజబెత్ మరణించింది. కష్టకాలంలో పట్టించుకోని చెస్టర్‌ఫీల్డ్, గ్రంథం పూర్తి కావస్తున్న 1754లో ప్రశంసావ్యాసాలు ప్రకటించగా, జాన్సన్ 1755 ఫిబ్రవరిలో లేఖ వ్రాసి ఆ ఆలస్యపు ఆదరణను తిరస్కరించాడు.

1755 ఏప్రిల్ 15న రెండు బృహత్సంపుటాలుగా వెలువడిన నిఘంటువులో 42,773 పదాలున్నాయి. ఉచ్చారణ విషయంలో మాత్రం పదంలో ఊనిక ఎక్కడ పడుతుందో తెలిపే గుర్తుతోనే సరిపెట్టాడు. ధ్వనులు శాసనానికి లొంగేవి కావని పీఠికలో అంగీకరించాడు. దీనిని వైఫల్యమనడం కంటె అనుభవం నేర్పిన వివేకమనడమే న్యాయం.

అతని ఉచ్చారణలోనూ లిచ్‌ఫీల్డ్ యాస చివరిదాకా పోలేదు. 'పంచ్' అనే పానీయాన్ని 'పూన్చ్' అనేవాడు. మహానటుడైన గారిక్ దానిని అనుకరించి మిత్రులను నవ్వించేవాడు.

నిఘంటువు కీర్తినిచ్చినా కలిమినివ్వలేదు. 1756లో ఆరు పౌన్లకు లోపడిన అప్పుకై నిర్బంధానికి గురికాగా, నవలాకారుడు రిచర్డ్‌సన్ ఆదుకున్నాడు. 'పెన్షన్' శబ్దానికి దేశద్రోహానికిచ్చే కూలి అన్నట్లు అర్థం వ్రాసిన అతనే 1762లో ఏటా 300 పౌన్ల రాజభృతిని స్వీకరించాడు. 1784 డిసెంబరు 13న మరణించగా వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఖననం చేశారు.

జాన్సన్ విడిచిన ఉచ్చారణభారాన్ని ఇతరులు తలకెత్తుకున్నారు. ఐర్లండువాడైన థామస్ షెరిడన్ 1780లో ఉచ్చారణ నిఘంటువు ప్రకటించాడు; ఆంగ్లోచ్చారణను నిర్ణయించడానికి ఐర్లండువానికి అధికారమేమిటని జాన్సన్ 1772లోనే ఆక్షేపించాడు. 1791లో జాన్ వాకర్ నిఘంటువు వెలువడింది. అందులో 'గ్రేట్' అన్నదే ఇంగ్లండులో స్థిరపడిన వాడుక అనీ, 'గ్రీట్' అనడమే ఐర్లండువారి అలవాటనీ వ్రాసి, వాకర్ యంగ్ మాటను తలక్రిందులు చేశాడు.