రేవు పోయిన ఊళ్లో బ్యాంకు పెట్టిన డాక్టరు

బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు ఇది ఒక్క మార్కు బిట్టు. ఆంధ్రా బ్యాంకు స్థాపకుడు ఎవరు? భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఎప్పుడు? 1923లో. ఎక్కడ? మచిలీపట్నంలో. గైడులో ఈ మూడు ముక్కలూ గీత గీసుకుని మీరు పక్క బిట్టుకు పోతారు. టైము తక్కువ, తప్పేం లేదు. అయితే ఆ మూడో జవాబు దగ్గర కొంచెం ఆగి చూడండి. మద్రాసు లాంటి పెద్ద నగరం ఉండగా బ్యాంకును బందరులో ఎందుకు పెట్టినట్టు? అప్పటికి బందరుకు కొత్తగా వచ్చే కంపెనీలు లేవు. ఉన్నవే ఒక్కొక్కటిగా పోయినయి.

మంచిర్యాలలోనో పెద్దపల్లిలోనో రైలెక్కితే కాజీపేట మీదుగా విజయవాడ చేరుతారు. అక్కడి నుంచి ఇంకో 70 కిలోమీటర్లు తూర్పుకు పోతే బందరు, అంటే మచిలీపట్నం. మన నిర్మల్ చుట్టుపక్కల కరిగించిన ఉక్కు పర్షియా దాకా పేరు మోసిన కాలంలో గోల్కొండ రాజ్యానికి సముద్రపు వాకిలి ఈ ఊరే. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో ఇక్కడ వర్తక స్థావరం తెరిచింది. డచ్చివాళ్లు అంతకు ముందే దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్లూ వచ్చారు. ఇక్కడి అద్దకం బట్ట ఓడలెక్కి దేశాలు దాటేది. ఇప్పుడు పోయి చూస్తే బందరు కోట దగ్గర పాత కట్టడాల శిథిలాలు, డచ్చివాళ్ల సమాధులు కనబడతాయి. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం ఇంకా బతికే ఉంది. చూడాలనుకుంటే అది చూడండి, శిథిలాల కంటే ఎక్కువ చెబుతుంది.

ఆ రేవు ఎట్ల పోయిందంటే, ఒక్క దెబ్బకు పోలేదు. ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చి చేతి అద్దకాన్ని కొట్టింది. తీరం దగ్గర నీళ్ల లోతు తక్కువ, పైగా ఒండ్రు. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. వీటికి తోడు 1864 నవంబరు 1న తుపాను ఉప్పెన ఊరి మీద పడింది. దాదాపు 30,000 మంది చనిపోయారు. తర్వాత సైనిక స్థావరం కూడా ఎత్తేశారు. జిల్లా కచేరీలు, కోర్టులు, బళ్లు మాత్రం మిగిలాయి. ఒక ఊరికి ఇది ఎట్లుంటుందో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. రామగుండం ఎరువుల కార్ఖానా 1999లో మూతపడితే మళ్లీ నడవడానికి 2021 దాకా పట్టింది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014 నుంచి 2018 దాకా తాళం వేసుకుని ఉంది. ఆదిలాబాద్ సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ సంగతి అక్కడి పిల్లల్ని అడగండి. ఒక పెద్ద గేటు మూతపడితే దాని ముందున్న చాయ్ దుకాణం నుంచి కిరాయి ఇళ్ల దాకా అన్నీ చల్లబడతాయి.

ఉప్పెన వచ్చిన 16 ఏళ్లకు, 1880 నవంబరు 24న, గుండుగొలనులో పట్టాభి పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. బందరులో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో మొదలుపెట్టిన బడి అప్పటికి కాలేజీగా పెరిగింది. ఆ నోబుల్ కాలేజీలో చదివారు. ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, దాని మీద డాక్టరు చదువు. పేదింటి పిల్లవాడు ఆ రోజుల్లో వైద్యపట్టా తెచ్చుకున్నాడంటే ఇక ఇల్లు గట్టెక్కినట్టే. బందరులో ప్రాక్టీసు పెట్టారు. బాగా సాగింది కూడా.

ఇంట్లో మీ అమ్మానాన్నలు కోరుకునేది సరిగ్గా ఇదే కదా. చదువయింది, సంపాదన వచ్చింది, సెటిలయ్యాడు. పట్టాభి కథ ఇక్కడే ముగిసి ఉంటే ఆయన ఒక ఊరి మంచి డాక్టరుగా మిగిలేవారు. అదీ చిన్న సంగతేం కాదు.

1905 తర్వాత వందేమాతరం ఉద్యమం వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర జిల్లాల్లో తిరిగి ఉపన్యాసాలిచ్చారు. వాటి వేడికి చాలా ఊళ్లలో పిల్లలు తరగతులు ఎగ్గొట్టారు, ఊరేగింపులు తీశారు, కొన్నాళ్లకు చల్లబడ్డారు. బందరులో మాత్రం ముగ్గురు కూర్చుని లెక్క వేశారు: కోపల్లె హనుమంతరావు, కృష్ణా పత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, పట్టాభి. గుమస్తాలను తయారు చేసే చదువు వద్దంటే సరిపోదు, దాని బదులు ఏం చదవాలో చూపించాలి. అట్ల 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. అక్కడ పుస్తకంతో పాటు మగ్గం, వడ్రంగం, యంత్రాల పని, బొమ్మలు వేయడం కూడా నేర్పేవారు. జాతీయ జెండా రూపకర్తగా మీరు చదువుకున్న పింగళి వెంకయ్య అక్కడ పనిచేశారు. అడివి బాపిరాజు తర్వాత కాలంలో ప్రిన్సిపాలుగా ఉన్నారు. చందాల మీద నడిచిన కాలేజీ అది, ఎప్పుడూ డబ్బు కటకటే. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివేవాళ్లను డిగ్రీ వాళ్ల కంటే ఒక మెట్టు కింద చూసే అలవాటు మనకు ఇంకా పోలేదు. బందరులో ఆ అలవాటును 1910లోనే ప్రశ్నించారు.

రాజకీయాల్లోకి దిగాక పట్టాభి వైద్యం వదిలేశారు. వచ్చే ఆదాయాన్ని కావాలని వదులుకోవడం గొప్ప అని తేలిగ్గా అనేస్తాం గాని, ఇంట్లో వాళ్లకు అది ఎంత బరువో ఊహించుకోండి.

ఇప్పుడు బ్యాంకు దగ్గరికి వద్దాం. కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. డెల్టాలో కాలువ నీళ్లు, వరి. పంట చేతికొచ్చిన నెలలో రైతు దగ్గర డబ్బు, నాట్ల నెలలో అప్పు. అప్పిచ్చేది షావుకారు, వడ్డీ ఎంతో ఆయన ఇష్టం. ఉన్నవాళ్ల డబ్బేమో బంగారంలోనో, వడ్డీకో తిరిగేది. ఊళ్లో డబ్బు లేక కాదు, దాన్ని ఒక చోట చేర్చి అవసరమైనవాళ్లకు అందించే సంస్థ లేక ఇబ్బంది. ఇంకో భయం కూడా ఉండేది. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ అనే ఇంగ్లిష్ కంపెనీ దివాళా తీసి, దాచుకున్నవాళ్ల సొమ్ము మునిగింది. ఆ దెబ్బ నుంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. మన డబ్బు మన చేతుల్లో ఉన్న సంస్థలోనే ఉండాలన్న ఆలోచన అప్పటి నుంచి గాలిలో ఉంది.

1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరయింది. 28న లావాదేవీలు మొదలయ్యాయి. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం లక్ష. ఇంటర్వ్యూలో ఈ రెండింటికీ తేడా అడుగుతారు, గుర్తుపెట్టుకోండి. వాటాల రూపంలో కంపెనీ గరిష్ఠంగా ఎంత సేకరించవచ్చో చెప్పేది మొదటిది. వాటాదారులు నిజంగా కట్టిన సొమ్ము రెండోది. అంటే కాగితం మీద ఆశ పది లక్షలు, చేతిలో ఉన్నది అందులో పదో వంతు. రేవు పోయిన ఊళ్లో ఒక డాక్టరు బ్యాంకు పెడుతున్నానంటే నమ్మి లక్ష కట్టినవాళ్లను కూడా మెచ్చుకోవాలి.

అక్కడితో ఆగలేదు. 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు. నాకు ఇందులో నచ్చేది సంఖ్య కాదు, ఎంచుకున్న పని. బ్యాంకుకు, బీమాకు సముద్రం లోతు అక్కర్లేదు. మేస్త్రీలు, యంత్రాలు, ఓడలు లేకున్నా నడుస్తాయి. లెక్క రాసేవాళ్లు, నమ్మకం ఉంటే చాలు. కాలేజీలున్న జిల్లా కేంద్రంలో చదువుకున్న కుర్రాళ్లకు కొదవ లేదు. ఊళ్లో ఏం పోయిందో కాకుండా ఏం మిగిలిందో చూసి పెట్టిన సంస్థలవి. దాదాపు ఆ కాలపువే ఇంకొన్ని ప్రయత్నాలు కూడా ఆ ఊళ్లో జరిగాయి. ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వాటిలో ఒకటి, అది పట్టాభిది కాదు. దాన్ని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇంజినీరింగ్ వాళ్లు బీఈఎల్ నోటిఫికేషన్లలో మచిలీపట్నం యూనిట్ పేరు చూసే ఉంటారు.

ఆయన రాజకీయ జీవితం పెద్దది, ఇక్కడ కొంతే చెబుతాను. 1935లో కాంగ్రెస్‌కు యాభై ఏళ్లు నిండినప్పుడు ఆ పార్టీ చరిత్రను ఇంగ్లిష్‌లో పెద్ద గ్రంథంగా రాశారు. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద గాంధీ మనిషిగా నిలబడ్డారు. బోసుకు 1580 ఓట్లు, పట్టాభికి 1377. దేశమంతా చూస్తుండగా 203 ఓట్ల తేడాతో ఓడారు. చాలామందికి ఆయన ఈ ఓటమితోనే గుర్తు. క్విట్ ఇండియా రోజుల్లో నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు బందీగా ఉండి డైరీ రాసుకున్నారు. అది ఫెదర్స్ అండ్ స్టోన్స్ పేరుతో పుస్తకమైంది. 1948లో మళ్లీ అధ్యక్ష పదవికి పోటీ చేసి గెలిచారు.

ఆ గెలుపు వెంటే ఇరుకున పడ్డారు. తెలుగువాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలని 1912-13 నుంచి పత్రికల్లో వాదించిన మనిషి ఆయన. ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెస్ శాఖ కావాలని 1916లో లక్నోలో గాంధీ మాటకు ఎదురు నిలిచిన మనిషి. అదే మనిషి జవాహర్‌లాల్, వల్లభభాయ్‌లతో కలిసి జేవీపీ కమిటీలో కూర్చున్నారు. భాషా రాష్ట్రాలను ప్రస్తుతానికి వాయిదా వేయాలనీ, ఆంధ్ర విషయం చూడవచ్చు గాని మద్రాసు నగరం మీద ఆశ వదలాలనీ చెప్పిన 1949 నివేదిక మీద సంతకం పెట్టారు. సొంతవాళ్ల నుంచి మాటలు పడ్డారు. 1939 ఓటమి కంటే ఈ సంతకమే ఆయనకు బరువై ఉంటుందని నాకనిపిస్తుంది. గ్రూప్స్ రాసేవాళ్లు జేవీపీలో పి అంటే పట్టాభి అని బట్టీ పడతారు. ఆ అక్షరం వెనక ఈ ఇరకాటం ఉంది.

1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

ఆయన పెట్టిన భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 1980లో ప్రభుత్వ బ్యాంకయింది. హైదరాబాద్ సైఫాబాద్‌లోని దాని ప్రధాన కార్యాలయానికి ఆయన పేరే పెట్టారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమై బోర్డుల మీద పాత పేరు పోయింది. ఇంట్లో నాన్న పాత పాసుబుక్కు ఉంటే తీసి చూడండి, అట్ట మీద ఆ పేరు ఉండొచ్చు. ఇక బందరు రేవు సంగతంటారా, కొత్త పోర్టు పనులు 2023 మే నెలలో మొదలయ్యాయి.