24 ఏండ్లకే ఆగిన గిటార్

ఏ పాట ఇన్నా, గిది ఎవలది అని ముందుగాల అడుగుడు నాకలవాటు. గందుకే డ్యూయేన్ ఆల్‌మన్ కథ మీకు చెప్పాలె. అమెరికా దక్షిణాది పోరడు, తెల్లజాతాయన. బతికింది 24 ఏండ్లే.

1946ల నాష్‌విల్‌ల పుట్టిండు. మూడేండ్లకే నాయినను ఎవడో కాల్చి సంపిండు. తల్లి జెరాల్డీన్ ఒక్కతే ఇద్దరు కొడుకుల్ని సాదింది. తమ్ముడు గ్రెగ్ గిటార్ కొనుక్కుంటే, అన్న దాన్ని గుంజుకొని తమ్మున్నే దాటిపోయిండు. బడి ఇడిసిపెట్టి పొద్దంత దాని మీదనే ఉన్నడు.

సర్దిగోలీల గాజుసీసాను ఏలికి తొడుక్కొని తీగల మీద జార్చేటోడు. అట్ల జారిస్తే గిటార్ మనిషి లెక్క ఏడుస్తది. గీ పద్ధతిని పెంచింది నల్లజాతి బ్లూస్ కళాకారులు. డ్యూయేన్ వాళ్ల రికార్డులు ఇనుకుంట నేర్సుకుండు. 1968ల అలబామాల విల్సన్ పికెట్ పాటకు వాయించినంక పేరు బైటికొచ్చింది.

1969 మార్చిల ఆరుగురితోని ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండు పెట్టిండు. డ్రమ్ములు కొట్టే ఇద్దర్ల ఒకాయన, జైమో, నల్లాయన. మార్టిన్ లూథర్ కింగ్‌ను సంపి అప్పటికి ఏడాది గూడ నిండలె. గసొంటి కాలంల జార్జియాల మేకన్ ఊర్ల అందరు ఒక్కకాడ ఉన్నరు. చేతుల పైసల్లేనప్పుడు అన్నం పెట్టింది ఆ ఊర్ల హోటల్ నడిపే నల్లతల్లి లూయీస్ హడ్సన్.

వాళ్ల సత్తా స్టేజీ మీదనే తెలుస్తది. ఒక గిటార్ అడిగితే ఇంకో గిటార్ జవాబిస్తది, కింద రెండు డ్రమ్ములు ఉరుకుతయ్. 1971 మార్చిల న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్‌ల చేసిన రికార్డుల ఆఖరి పాట ఒక్కటే 23 నిమిషాలు! నేను ఫోన్ల పెట్టుకుని ఇన్న, ఏడ గూడ ఇసుగు రాలె. అండ్ల మొదటి పాట స్టేట్స్‌బరో బ్లూస్. జార్జియాల పుట్టిన చూపులేని నల్ల గాయకుడు విల్లీ మెక్‌టెల్ 1928లనే రికార్డు చేసిన పాట అది. ఆయన 1959ల కాలం చేసిండు. ఫిల్మోర్ చప్పట్లు ఆయన చెవుల పడనే లేదు.

ఆ రికార్డు జులైల వచ్చింది. అక్టోబర్ 29న మేకన్‌ల లారీ అడ్డమొచ్చి, బైకు మీదికెళ్లి పడి డ్యూయేన్ సచ్చిపోయిండు. ఏడాదికి బాస్ గిటార్ వాయించే బెర్రీ ఓక్లీ గూడ ఆడికి దగ్గర్లనే బైకు గుద్దుకొని పోయిండు. ఇద్దర్ని ఒక్క శ్మశానంలనే బొందపెట్టిండ్రు. బ్యాండు మధ్యమధ్య ఆగుకుంట 2014 దాంక నడిచింది. ఆఖరి కచేరీ న్యూయార్క్‌ల అక్టోబర్ 28 రాత్రి మొదలై, డ్యూయేన్ పోయిన తారీఖు ఒచ్చినంకనే ముగిసింది.

సదరన్ రాక్ పేరు మీద తర్వాత కొన్ని బ్యాండ్లు, బానిసత్వం నిలబెట్టనీకి కొట్లాడినోళ్ల జెండాను స్టేజీ ఎక్కిచ్చినయ్. నల్లోళ్లు ఇచ్చిన పాట మీద నిలబడి గా జెండా ఊపుడేంది? తమ్మీ, చెల్లె, ఆ రికార్డు ఒక్కపారి ఇనుండ్రి. డ్యూయేన్‌ను యాదుంచుకోండ్రి, మెక్‌టెల్‌ను గూడ మర్వకుండ్రి.