మొదటి నంబరు ఫాదర్

మాది జహీరాబాద్. చెరకు లారీలు, ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఇంట్లో అందరం క్యాథలిక్కులం, ఆదివారం పూజ ఎప్పుడూ మానలేదు. ఇంటర్‌లో నా గురించి నాకు ఒక విషయం అర్థమైంది. నాకు నచ్చేది అబ్బాయిలే అని. అప్పట్నుంచి గుడిలో చివరి బెంచీ నాదైపోయింది. నాలాంటోడికి ఈ గుడిలో చోటుందా అని వెతుకుతుంటే దొరికిన మనిషి ఫాదర్ మైకేల్ జడ్జ్.

1933 మే 11న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు. ఆరేళ్లకే నాన్న పోయాడు. ఇంటికి ఆసరాగా రైల్వే స్టేషన్ దగ్గర బూట్లు పాలిష్ చేసేవాడు. పక్కనే ఉన్న ఫ్రాన్సిస్ సభ గుడికి పోయి, ఆ గోధుమరంగు అంగీ గురువుల్ని చూసి, తనూ అలాగే కావాలనుకున్నాడు. 1961లో గురువయ్యాడు. మధ్యలో తాగుడుకి బానిసై, 1978లో బయటపడ్డాడు. తర్వాత అదే బాధలో ఉన్న ఎందరికో తోడు నిలిచాడు.

1980లలో ఎయిడ్స్ వచ్చింది. రోగుల్ని ముట్టుకోవడానికే జనం భయపడుతుంటే ఈయన మంచం పక్కన కూర్చుని కాళ్లకు నూనె రాసేవాడు. అదే సమయంలో, 1986లో, వాటికన్ నుంచి ఒక లేఖ వచ్చింది. సభ బోధనను ఒప్పుకోని స్వలింగ ప్రేమికుల సంఘాలకు గుడి స్థలాలు ఇవ్వొద్దని బిషప్పులకు చెప్పింది. డిగ్నిటీ అనే క్యాథలిక్ సంఘం చాలా గుళ్ల నుంచి బయటికి రావాల్సొచ్చింది. ఫాదర్ మైకేల్ ఆ సంఘంలో సభ్యుడే. ఎందుకంటే ఆయనా గే. బ్రహ్మచర్య వ్రతంలో ఉన్న గురువే, కానీ తానేంటో దగ్గరివాళ్లకి చెప్పుకున్నాడు. పై అధికారి అయిన ఫైర్ కమిషనర్‌కి కూడా. అందరి ముందు మాత్రం చెప్పలేదు.

1992లో న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి గురువయ్యాడు. 2000లో క్వీన్స్‌లో గే ఐరిష్ వాళ్లనీ కలుపుకుని సెయింట్ పాట్రిక్ ఊరేగింపు తీస్తే, అంగీ వేసుకునే వెళ్లి నడిచాడు.

2001 సెప్టెంబర్ 11న ఫైర్‌మెన్‌తో పాటు నార్త్ టవర్ లాబీలోకి వెళ్లాడు. పక్క టవర్ కూలినప్పుడు వచ్చిన శిథిలాల ధాటికి అక్కడే చనిపోయాడు. ఆయన్ని కుర్చీలో మోసుకొస్తున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. దగ్గర్లోని సెయింట్ పీటర్ గుడికి తీసుకెళ్లి పీఠం ముందు పడుకోబెట్టారు. ఆ రోజు మృతుల లెక్కలో ఆయనది 0001. ఆయన హెల్మెట్‌ని పోప్ జాన్ పాల్‌కి ఇచ్చారు.

నన్ను వదలని సంగతి ఒకటుంది. ఆ హెల్మెట్ వాటికన్ దాకా వెళ్లింది. ఆయన నిజం మాత్రం చాలామందికి ఆయన పోయాకే తెలిసింది. 2018లో మన సుప్రీంకోర్టు 377 విషయంలో తీర్పిచ్చింది. 2023లో వాటికన్ అలాంటి జంటల్ని గురువులు ఆశీర్వదించొచ్చంది, పెళ్లి మాత్రం కాదంది. తలుపు కొంచెమే తెరుచుకుంది.

ఇది కూడా పేరు లేకుండానే రాస్తున్నా, ఏమనుకోకండి ఫ్రెండ్స్. క్రిస్మస్ సెలవులకి ఇంటికెళ్తున్నా. ముందు అక్కకి చెప్తా. అమ్మ సంగతి తర్వాత చూద్దాం.