ఎక్కాలకు తడబడిన బాలుడు

మీ ఇంట్లో నాలుగో తరగతో, ఐదో తరగతో, ఆరో తరగతో చదివే బిడ్డ ఉన్నాడా? తెలుగు గడగడా చదివేసి, లెక్కల పుస్తకం తీయగానే ముఖం వేలాడేస్తున్నాడా? వీడి బుర్రకు లెక్కలు ఎక్కవని మీరు నలుగురి ముందూ అనేశారా? మన విచారణల్లో చదువు మధ్యలో మానేసిన పిల్లల్ని అడిగి చూడండి. భిన్నాల దగ్గరో భాగాహారాల దగ్గరో భయం పుట్టి బడికి దూరమైనవారు ఎందరో కనిపిస్తారు. మీ బిడ్డ గురించి ఒక నిర్ణయానికి వచ్చేముందు ఈ జీవిత కథ చదవండి.

1869 అక్టోబరు 2న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో ఒక బాలుడు పుట్టాడు. బడిలో వేసిన కొత్తల్లో ఎక్కాలు నేర్చుకోవడమే అతనికి కష్టమైంది. పదమూడో ఏట పెళ్ళి చేశారు. దానితో ఒక ఏడాది చదువు పోయింది. కష్టపడే పిల్లవాడని నమ్మిన ఉపాధ్యాయుడు, పోయిన ఏడాదిని పూడ్చడానికి అతన్ని మూడో తరగతిలో ఆరు నెలలే ఉంచి హైస్కూలు నాలుగో తరగతికి పంపించాడు. అక్కడ చాలా పాఠాలు ఇంగ్లీషులో చెప్పేవారు. రేఖాగణితం కొత్త, భాష పరాయిది. ఉపాధ్యాయుడు బాగానే చెబుతున్నా బాలుడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తిరిగి మూడో తరగతికి పోదామని ఎన్నోసార్లు అనుకున్నాడు. తనను నమ్మి పైకి పంపిన గురువుకు తలవంపులు అవుతాయని ఆగిపోయాడు. పట్టు విడవకుండా చదువుతూ యూక్లిడ్ పదమూడో ప్రతిపాదన దాకా వచ్చేసరికి హఠాత్తుగా అంతా తేటపడింది. ఇది బట్టీ పట్టే విద్య కాదు, ఆలోచిస్తే చాలునని తెలిసింది. ఆనాటి నుంచి ఆ పాఠం అతనికి ఆటలా మారింది.

ఆ బాలుడే మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. మనం మహాత్ముడని పిలుచుకునే ఆయన.

గాంధీజీ గురించి మనం ఎన్నో విన్నాం. ఆయన జీవితమంతటా లెక్క తోడుగా నడిచిందన్న సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళినప్పుడు బస్సు చార్జీ, తపాలా బిళ్ళ, దినపత్రిక, ఏది కొన్నా ప్రతి పైసా రాసుకునేవారు. రాత్రి పడుకోబోయేముందు జమాఖర్చు సరిచూసుకునేవారు. ఆ లెక్క ముందుంచుకునే ఖర్చు సగానికి తగ్గించారు, బండి ఎక్కడం మాని రోజూ మైళ్ళకొద్దీ నడిచారు. ఉపాధ్యాయులు పునశ్చరణ అని పిలిచేది ఇదే కదా! నేర్చుకున్న కూడికలు, తీసివేతలు ఆయన చేతిలో ప్రతి రాత్రీ పదును తేరాయి.

1893లో దక్షిణాఫ్రికా వెళ్ళారు. అక్కడ దాదా అబ్దుల్లా అనే వర్తకుడి వ్యాజ్యం 40,000 పౌండ్లది. అది ఖాతా పుస్తకాల మీద నడిచే దావా. గాంధీజీకి ఖాతాలు రాయడం తెలియదు. సిగ్గుపడి ఊరుకోలేదు. పుస్తకం కొనుక్కుని మొదటి నుంచి నేర్చుకున్నారు. చివరకు మధ్యవర్తి 37,000 పౌండ్లూ ఖర్చులూ చెల్లించాలని తీర్పు చెప్పాడు. అంత సొమ్ము ఒక్కసారి కట్టాలంటే ఓడిన వర్తకుడు దివాలా తీయవలసిందే. గాంధీజీ తన కక్షిదారును ఒప్పించి ఆ బాకీని సుదీర్ఘమైన వాయిదాలుగా విడగొట్టించారు. చూశారా, భాగాహారం ఒక కుటుంబం పరువు కాపాడింది!

ఇక్కడ మన తిరుసభకు సంబంధించిన చిన్న సంగతి ఒకటి ఉంది. డర్బన్ సమీపాన మరియన్‌హిల్ అనే ట్రాపిస్టు సన్యాసుల మఠం ఉండేది. గాంధీజీ 1895లో దాన్ని చూశారు. ఆ కథోలిక సన్యాసులు తాము చేతులతో పనిచేస్తూ అక్కడి ప్రజలకు వృత్తులు నేర్పడం ఆయన మనసుకు హత్తుకుంది. తరువాత ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ ఆ మఠంలోనే చెప్పులు కుట్టడం నేర్చుకుని వచ్చి గాంధీజీకి నేర్పారు. 1910లో జొహానెస్‌బర్గ్ దగ్గర ప్రారంభమైన టాల్‌స్టాయ్ ఫారంలో పిల్లలు ఆ పని నేర్చుకున్నారు. హిందువులు, ముస్లిములు, పార్సీలు, క్రైస్తవులు కలిసి ఉన్న ఆ బడిలో పిల్లలు తోటపని, వడ్రంగం చేసేవారు. లెక్కలు అందరికీ చెప్పేవారు. గురువు చేయని పని పిల్లలకు చెప్పకూడదన్నది అక్కడి నియమం.

ఇప్పుడు మన పొందూరుకు వద్దాం. గాంధీజీ మన సన్న ఖద్దరును ఎంతో మెచ్చుకున్నారనీ, ఇక్కడి నేర్పు చూసి రమ్మని తన కుమారుడు దేవదాసును పంపారనీ మన పెద్దలు చెప్పుకుంటారు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద మన అక్కచెల్లెళ్ళు వడికే నూలు ఎంత సన్ననో మీకు తెలుసు. మరి ఆ నూలు నంబరు వెనుక ఉన్న లెక్క మీ బిడ్డకు ఎప్పుడైనా చెప్పారా? 840 గజాలు ఒక చిలప. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల నూలులో అలాంటి చిలపలు ఎన్ని ఉంటే అదే నూలు నంబరు. 100 నంబరు నూలు ఒక పౌను ఉంటే దాని పొడవు 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు! మన ఊరి నుంచి శ్రీకాకుళం పోయి తిరిగి వచ్చినా దారం ఇంకా మిగులుతుంది. అదే 84 గజాలే తీసుకుంటే? పౌనులో వెయ్యో వంతు, అర గ్రాము కన్నా తక్కువ. 20 నంబరు నూలైతే అంతే బరువుకు పొడవు అయిదో వంతే వస్తుంది. గుణకారం, భాగాహారం, భిన్నం, దశాంశం, అనుపాతం అన్నీ ఈ ఒక్క చిలపలో ఉన్నాయి.

గాంధీజీ దేశానికి చెప్పదలచినది కూడా ఇదే. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యావేత్తల సభ జరిగింది. ఆ తరువాత జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘం పాఠ్యప్రణాళిక తయారుచేసింది. ఏడు నుంచి పద్నాలుగేళ్ళ వరకు మాతృభాషలో, ఒక చేతిపని ఆధారంగా చదువు చెప్పాలన్నది దాని సారం. తకిలీ తిప్పే పిల్లవాడు తన నూలు తానే కొలిచి, తూచి, లెక్క కట్టాలి. భిన్నాలు, వడ్డీ లెక్కలు, జమాఖర్చు రాయడం ఆ పనిలో నుంచే రావాలి. పిల్లల పనితో బడి ఖర్చు గడవాలన్న మాట మీద ఆనాడే విమర్శలు వచ్చాయి. అవి న్యాయమైనవే. స్వాతంత్ర్యం తరువాత ఆ బడులు అనుకున్నంతగా నిలవలేదు. అయినా అర్థం తెలిసిన లెక్క మరచిపోరన్న మాట మాత్రం నిలిచింది.

ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఊరి పిల్లలందరి చదువు గురించి తపించిన గాంధీజీ తన సొంత కుమారులకు పుస్తక విద్య చెప్పడానికి తగినంత సమయం ఇవ్వలేకపోయారు. ఆ లోటును తన ఆత్మకథలో తానే ఒప్పుకున్నారు. పెద్ద కుమారుడు హరిలాల్‌కు ఆ బాధ తీరనే లేదు. 1948 జనవరి 30న మహాత్ముడు మరణించారు. అదే సంవత్సరం జూన్‌లో హరిలాల్ కూడా కన్నుమూశారు. తల్లిదండ్రులారా, ఇది చదివి మనం ఎవరినీ తప్పుపట్టవద్దు. మన ఇల్లు చూసుకుందాం.

ఈ రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు మీ బిడ్డ పక్కన కూర్చోండి. బెత్తం వద్దు, పక్కింటి పిల్లవాడి మార్కులూ వద్దు. కిరాణా చీటీ ఇచ్చి మొత్తం కట్టమనండి. రోజుకు అర లీటరు చొప్పున పాలు పోయించుకుంటే, రెండు రోజులు పాలు రాకపోతే, నెలకు ఎన్ని లీటర్లో అడగండి. తప్పు చేస్తే ఎక్కడ తప్పిందో వాడినే మన తెలుగులో చెప్పమనండి. ఐదో తరగతి లెక్క రాకపోతే మూడో తరగతి పుస్తకం తీయండి. మెట్టు దిగడం అవమానం కాదు, దిగి ఎక్కినవాడే గట్టిగా నిలబడతాడు. మీకు చదువు రాదంటారా? కొలతలు, తూకాలు మీకు వచ్చు. రాట్నం తిప్పే అమ్మమ్మకు చిలపల లెక్క వచ్చు. బిడ్డకు అదే నేర్పండి.

పదమూడో ప్రతిపాదన దాకా ఆ బాలుడికి ఏమీ అర్థం కాలేదు. పన్నెండో దాని దగ్గరే పుస్తకం మూసేసి ఉంటే? మీ బిడ్డ ఇప్పుడు ఎన్నో దాని దగ్గర ఉన్నాడో మనకు తెలియదు. పుస్తకం మూయనివ్వకండి.