నక్షత్రం గుర్తు వెనుక మనిషి: డెన్నిస్ రిచీ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా అంబేద్కర్, పూలే వంటి మహనీయుల జీవితాలు రాసుకుంటాం. ఈసారి పాతబస్తీ విద్యార్థులమైన మేము ఒక కంప్యూటర్ శాస్త్రవేత్తను పరిచయం చేస్తున్నాం. ఆయన పేరు మనలో చాలామంది వినలేదు కానీ ఆయన చేసిన పనిని రోజూ వాడుకుంటున్నాం.

డెన్నిస్ రిచీ 1941 సెప్టెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, బ్రాంక్స్‌విల్‌లో జన్మించారు. తండ్రి అలిస్టెయిర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. డెన్నిస్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం, గణితం చదివి 1967లో తానూ బెల్ ల్యాబ్స్‌లో చేరారు. 1969లో సహచరుడు కెన్ థాంప్సన్ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు శ్రీకారం చుట్టగా, రిచీ ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ఆ తర్వాత 'సి' భాషను రూపొందించారు. 1973లో యూనిక్స్‌ను ఆ భాషలోనే తిరిగి రాశారు.

వారి యూనిక్స్‌లోని ఒక చిన్న ఏర్పాటు మాకు ఎంతో నచ్చింది. మనం టైపు చేసిన కమాండ్‌ను ముందుగా అందుకునేది షెల్. 'ఆర్‌ఎం' అంటే ఫైళ్లను తుడిచేసే కమాండ్. ఆర్‌ఎం మార్కులు* అని కొడితే ఆ నక్షత్రం గుర్తు ఆర్‌ఎం వరకూ చేరదు. షెల్ ఫోల్డర్‌ను తెరిచి, 'మార్కులు'తో మొదలయ్యే పేర్లన్నీ ఏరి, వరుసలో పెట్టి ఆ జాబితాను అందిస్తుంది. తొమ్మిదో తరగతి వాళ్లందరికీ అన్నం పెట్టమని వార్డెన్ గారు చెబితే, లీడర్ హాజరుపట్టీ తెరిచి పేర్లు చదువుతాడు. వంటమనిషికి పేర్లు తెలిస్తే చాలు. ఇదీ అంతే.

తొలినాళ్లలో ఈ పనిని గ్లాబ్ అనే వేరే ప్రోగ్రాము చేసేది. 1971 నాటి మొదటి యూనిక్స్‌లోనే అది ఉంది. 1979లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్‌తో ఆ పని షెల్‌లోనే కలిసిపోయింది. డాస్‌లో మాత్రం నక్షత్రాన్ని విప్పే భారం ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రాముదే. అందువల్ల ఒక్కొక్కటి ఒక్కో తీరుగా నడిచేది. ఒకరు శ్రద్ధగా చేసిన పని వందమందికి ఉపయోగపడటం యూనిక్స్ గొప్పతనం.

అయితే మిత్రులారా, ఇందులో ప్రమాదమూ ఉంది. ఆర్‌ఎం మార్కులు * అని మధ్యలో ఒక్క ఖాళీ పడితే, షెల్ ఆ విడి నక్షత్రానికి ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లన్నీ అందిస్తుంది. చుక్కతో మొదలయ్యేవి మాత్రమే మిగులుతాయి. ఆర్‌ఎం నక్షత్రాన్ని చూడలేదు కనుక అది మన పొరపాటని దానికి తెలిసే దారి లేదు. ఏడాది పొడవునా టైపు చేసుకున్న నోట్సు క్షణంలో పోతుంది. అందుకే ముందు ఎకో మార్కులు* అని కొట్టి, ఏయే పేర్లు వస్తున్నాయో చూసుకోవాలి. నక్షత్రాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు ప్రోగ్రాముకు అందించాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి.

రిచీకి, థాంప్సన్‌కు కలిపి 1983లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1999లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా ఇద్దరూ జాతీయ సాంకేతిక పతకం అందుకున్నారు. రిచీ 2007లో పదవీ విరమణ చేశారు. 2011 అక్టోబరులో, న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా ఉంటున్న ఇంట్లో 70 ఏళ్ల వయసులో కన్నుమూసి కనిపించారు. దానికి వారం ముందే స్టీవ్ జాబ్స్ మరణించారు. లోకమంతా జాబ్స్ గురించే మాట్లాడింది. రిచీ గురించి తలచుకున్నవారు తక్కువ.

నేటి ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారమైన లినక్స్ కెర్నల్ ప్రధానంగా 'సి' భాషలోనే ఉంది. మన ఇళ్లలో పొద్దున్నే లేచి వీధులు ఊడ్చే అమ్మలు, బరువులు మోసే నాన్నలు ఉన్నారు. వారి పని అందరికీ అందుతుంది, వారి పేరు ఎవరికీ తెలియదు. అందుకేనేమో రిచీ మాకు మన మనిషిలా అనిపించారు. మనమూ నలుగురికి ఉపయోగపడే పని ఒక్కటైనా నేర్చుకుందాం. దాన్ని జాగ్రత్తగా చేద్దాం.