మూడు నిమిషాల్లో రాగం పాడిన గౌహర్ జాన్

సంగీతం క్లాసుకి వెళ్లే అమ్మాయి ఇంట్లో ఉంటే ఈ సంగతి మీకూ అనుభవమే. టీచరు ముందు చక్కగా పాడే పిల్ల, ఆ పాటనే సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుని వింటే మాత్రం మొహం చిన్నబుచ్చుకుంటుంది. మంద్రంలో పాడిన చోట ఏమీ వినబడదు. పై షడ్జం దగ్గర చెవులు చిల్లులు పడతాయి. పక్కనే పెట్టుకున్న శ్రుతిపెట్టె పాటని మింగేస్తుంది. తన గొంతే బాగాలేదేమోనని పాపం ఆ పిల్ల దిగులు పడుతుంది. గొంతుకేం వచ్చింది? మనుషుల ముందు పాడటం నేర్పించాం గానీ యంత్రం ముందు పాడటం ఎవరు నేర్పారు కనుక!

నూట ఇరవై ఏళ్ల కిందట, ఈ విద్య చెప్పే గురువే లేని రోజుల్లో, దాన్ని సొంతంగా పట్టుకున్న గాయని ఒకామె ఉంది. ఆమే గౌహర్ జాన్. మన దేశంలో గ్రామఫోను ప్లేటు మీద వెలిగిన తొలి తార.

ఏంజెలీనా ఎలా గౌహరైంది?

ఆమె 1873లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్‌లో పుట్టింది. తండ్రి ఆర్మీనియా జాతివాడు. తల్లి పేరు విక్టోరియా. కూతురికి ఏంజెలీనా అని పేరు పెట్టుకున్నారు. పిల్లకి ఆరేళ్లయినా సరిగ్గా నిండకుండానే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లీకూతుళ్లు కాశీ చేరారు. అక్కడే ఇద్దరూ ఇస్లాం పుచ్చుకున్నారు. తల్లి మల్కా జాన్ అయింది, కూతురు గౌహర్ జాన్ అయింది. గౌహర్ అంటే రత్నం అని అర్థం.

మల్కా జాన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాటా, నాట్యమూ నేర్చి పేరు తెచ్చుకుంది. 1883లో కూతుర్ని తీసుకుని కలకత్తా వెళ్లింది. గౌహర్‌కి మంచి మంచి గురువుల దగ్గర చెప్పించింది. కథక్‌లో మహామహుడైన లక్నో బిందాదిన్ మహారాజ్ ఆమె గురువుల్లో ఒకరు. ఖయాల్, ఠుమ్రీ, దాద్రా, బెంగాలీ కీర్తన... అన్నీ ఆ పిల్ల గొంతులో ఒదిగిపోయాయి. 1887లో, పద్నాలుగేళ్ల వయసులో, దర్భంగా సంస్థానంలో తొలి కచేరీ చేసింది.

సంసారుల ఇళ్ల ఆడవాళ్లు నలుగురిలో గొంతు విప్పని కాలమది. పాట విని తలలూపిన పెద్దమనుషులే, పాడిన మనిషిని మాత్రం తక్కువగా చూసేవాళ్లు. అలాంటి చోట నుంచే గౌహర్ బాకా ముందుకు వచ్చి నిలబడింది.

హోటల్ గదిలో పెద్ద బాకా

1902 చివర్లో లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు కలకత్తా వచ్చాడు. హోటల్ గదినే స్టూడియోగా మార్చాడు. స్టూడియో అనగానే మైకులు, వైర్లు ఊహించుకోకండి. మైకుతో రికార్డు చేయడం 1925లో గానీ మొదలవలేదు. అప్పట్లో ఉన్నదల్లా ఒక పెద్ద బాకా.

బాకా వెడల్పాటి మూతి గాయని మొహానికి ఎదురుగా ఉండేది. సన్నటి కొస దగ్గర ఒక పల్చటి పొర, దానికో సూది, సూది కింద గుండ్రంగా తిరిగే మైనపు బిళ్ల. గొంతులోంచి వచ్చిన గాలి తాకిడికి పొర వణికేది. ఆ వణుకుని సూది మైనం మీద గాడిలా గీసేది. కరెంటు సాయం లేదు. గొంతులో ఎంత బలముంటే ప్లేటు మీద అంత పాట!

మధ్యలో ఒక్క స్వరం తప్పినా దిద్దుకునే వీలు లేదు, మళ్లీ మొదటినుంచీ పాడాల్సిందే. పోనీ వెంటనే ఒకసారి విని చూసుకుందామా అంటే అదీ కుదరదు. సూది పెట్టి వినిపిస్తే మెత్తటి మైనం పాడైపోతుంది. ఆ మైనపు బిళ్లలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్లాలి. అక్కడ వాటినుంచి లోహపు అచ్చులు తీసి, లక్క కలిపిన ముద్దతో ప్లేట్లు అద్ది తిరిగి పంపాలి. 1902 నవంబరులో గౌహర్ పాడిన పాట ప్లేటుగా వచ్చేసరికి 1903 వచ్చేసింది.

ఇదంతా చూసి చాలామంది ఉస్తాదులు జంకారు. యంత్రం గొంతుని లాగేసుకుంటుందని కొందరి భయం. గురువు దగ్గర ఏళ్లతరబడి నేర్చిన విద్య బజార్న పడుతుందని మరికొందరి బాధ. వాళ్లు వెనకాడిన చోట వృత్తి గాయనులు, స్టేజి నటీమణులు ముందడుగు వేశారు.

ఆమె పట్టుకున్న కిటుకులు

మొదటి చిక్కు కాలంతో. పది అంగుళాల ప్లేటు ఒకవైపు పాడేది మూడు నిమిషాలే. అప్పటికి ప్లేటుకి రెండోవైపు పాటే లేదు. కచేరీలో గంటసేపు సాగే రాగాన్ని మూడు నిమిషాల్లో ఎలా కుదించడం? గౌహర్ ఆలాపనని రేఖామాత్రంగా ఉంచి, సూటిగా పాటలోకి దిగి, గబగబా తానాలు వేసి, టైముకి ముగించేది. రాగం ముక్కలైనట్టు ఉండదు, చిన్న అద్దంలో నిండు మొహం కనబడినట్టు ఉంటుంది. ఏది వదిలేయాలో తెలియడం కూడా విద్యే కదా!

రెండో చిక్కు దూరంతో. బాకా దగ్గర పాడేవాళ్లు మంద్రానికి మొహం ముందుకు చాపాలి, తారస్థాయికి వెనక్కి తగ్గాలి. లేకపోతే సూది ఎగిరి గాడి చెదిరిపోతుంది. తంబురా నాదం లాంటి మెత్తని శబ్దాలు బాకాకి అందవు. గాయనికి గొంతు ఎంత ముఖ్యమో, ఎక్కడ నిలబడాలన్నది కూడా అంత ముఖ్యమైపోయింది.

మూడోది, అందరికీ గుర్తుండిపోయింది. పాట అయిపోగానే తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. గొప్పకోసం చేసిన పని కాదది. ఎక్కడో హానోవర్‌లో, మన భాష తెలియని పనివాళ్లు ఏ ప్లేటుకి ఏ లేబులు అంటించాలో తెలుసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. అయితే ప్లేటు వేసుకున్నవాళ్లందరికీ ఆ మాటే ఆమె సంతకమైపోయింది. ఆడమనిషి తన పేరు నలుగురిలో చెప్పుకోవడమే తప్పయిన రోజుల్లో, ఆ పేరు వేల ఇళ్లలో మోగింది.

ఆ తర్వాత ఆమె వెనక్కి తిరిగి చూసుకోలేదు. పదికి పైగా భాషల్లో దాదాపు 600 పాటలు రికార్డు చేసిందని చెబుతారు. ఆమె బొమ్మతో పోస్టుకార్డులు, అగ్గిపెట్టెలు అమ్ముడయ్యాయి. 1908కల్లా కలకత్తాలోనే ప్లేట్ల ఫ్యాక్టరీ వచ్చింది. 1911లో ఢిల్లీ దర్బారులో అలహాబాద్ జానకీబాయితో కలిసి పాడింది.

మిగిలింది గొంతొక్కటే

ఇంత వైభవమూ ఆమెకి నిలవలేదు. 1906లో తల్లి పోయింది. ఆస్తి తగాదాలో, తాను మల్కా జాన్ కూతుర్నేనని కోర్టులో నిరూపించుకోవాల్సి వచ్చింది. నమ్మిన మనిషీ కోర్టుకే ఈడ్చాడు. సంపాదనంతా కరిగిపోయింది. 1928 ఆగస్టులో మైసూరు మహారాజు ఆస్థాన గాయనిగా చేరింది. నెలకి 500 రూపాయల జీతం. ఏడాదిన్నర తిరక్కుండానే, 1930 జనవరి 17న మైసూరులోనే కన్నుమూసింది.

మేడలూ నగలూ ఎవరెవరికో పోయాయి. మైనం మీద గీసిన గొంతు మాత్రం పోలేదు. ఆనాడు జంకి దూరంగా ఉండిపోయిన ఉస్తాదులు ఎలా పాడేవారో చెప్పుకోవడమే తప్ప వినే దారి లేదు. గౌహర్ పాట మాత్రం ఇవాళ మన ఫోన్లోనే వినొచ్చు.

అందుకే సంగీతం నేర్చే పిల్లలకి సరళీ స్వరాలతో పాటు ఈ నాలుగు ముక్కలూ చెప్పండి. ఫోను నోటికి ఆనించకుండా మూరెడు దూరంలో పెట్టుకోమనండి. పై స్థాయికి కాస్త వెనక్కి జరగమనండి. శ్రుతిపెట్టెని ఫోనుకి దూరంగా ఉంచమనండి. ఒక కీర్తనని మూడు నిమిషాల్లో అందంగా ముగించడం సాధన చేయమనండి. ఆపైన విని, తప్పులు రాసుకుని, మళ్లీ పాడమనండి. గౌహర్‌కి తన పాట తాను వినాలంటే ఓడ తిరిగొచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మన పిల్లలకి క్షణం పడుతుంది. మొదటిసారి బాగా రాకపోతే ఏం, మళ్లీ నొక్కితే సరి!